అమెరికా నేతల ఆస్తి: ఒక్క అంకె కాదు, కనిష్ఠం గరిష్ఠం రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా రాజకీయ నాయకుల ఆస్తుల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. ఫలానా సెనేటర్‌కు ఇన్ని కోట్ల డాలర్లు, ఫలానా ప్రతినిధి ఆస్తి పదవిలోకి వచ్చాక ఇన్ని రెట్లయిందని ఒక్క అంకె వేసేస్తారు. అలాంటి కచ్చితమైన అంకె ఆ దేశపు ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. అది ఎవరో కట్టిన లెక్క. ఎలా కట్టారో చెప్పకుండా అచ్చువేస్తే పాఠకుడికి అన్యాయం జరిగినట్టే.

వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1978లో వచ్చిన ఎథిక్స్ ఇన్ గవర్నమెంట్ చట్టం ప్రకారం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యులు, అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, పెద్ద అధికారులు ఏటా మే 15లోగా గత సంవత్సరపు ఆస్తుల నివేదిక ఇవ్వాలి. 90 రోజుల వరకు గడువు పొడిగించుకోవచ్చు కాబట్టి కొందరివి ఆగస్టు దాకా రావు. ప్రతినిధుల సభ సభ్యులవి ఆ సభ క్లర్క్ వెబ్‌సైట్‌లో, సెనేటర్లవి సెనేట్ కార్యదర్శి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అధ్యక్షుడు, అధికారులు నింపేది 278ఇ ఫారం. ఇవన్నీ ఉచితంగా చూడొచ్చు. ఇప్పటికీ కొందరు చేత్తో నింపి పంపుతారు, ఆ స్కాన్లలో పేర్లు వెతికితే దొరకవు, పేజీలు తిప్పి చదవాల్సిందే.

చట్టం అడిగేది ‘నీకు ఎంత ఉంది’ అని కాదు, ‘నీ ఆర్థిక ప్రయోజనాలు ఎక్కడెక్కడ ఉన్నాయి’ అని. అందుకే విలువలను శ్లాబుల్లో రాస్తారు. 1,001 నుంచి 15,000 డాలర్లు ఒక శ్లాబు, 15,001 నుంచి 50,000 మరొకటి. కింద ఇవి ఇరుకుగానే ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ 10 లక్షల నుంచి 50 లక్షల డాలర్లు, 50 లక్షల నుంచి 2.5 కోట్లు, 2.5 నుంచి 5 కోట్లు, చివరికి ‘5 కోట్లకు పైన’. ఒక నాయకుడికి 50 లక్షలు–2.5 కోట్ల శ్లాబులో మూడు ఆస్తులుంటే మొత్తం 1.5 కోట్లు కావచ్చు, 7.5 కోట్లూ కావచ్చు. భార్య లేదా భర్త పేరిట మాత్రమే ఉన్న ఆస్తికైతే ‘10 లక్షల డాలర్లకు పైన’ అని ఒక్క టిక్కు పెడితే సరిపోతుంది. అది 11 లక్షలో 11 కోట్లో తెలియదు.

అప్పులకూ దాదాపు ఇవే శ్లాబులు. ఆస్తుల్లోంచి అప్పులు తీసేటప్పుడు రెండు వైపులా ఉన్న అనిశ్చితి కలిసిపోతుంది. రోల్ కాల్ పత్రిక తన జాబితాలకు శ్లాబుల కనిష్ఠ విలువలు తీసుకునేది, ఓపెన్ సీక్రెట్స్ సంస్థ కనిష్ఠ గరిష్ఠాల మధ్య విలువ తీసుకునేది. ఒకే మనిషికి, ఒకే ఏడాదికి రెండుచోట్లా వేరువేరు అంకెలు రావడానికి కారణం ఇదే. మొదటిదాన్ని పాత ఏడాదికీ రెండోదాన్ని కొత్త ఏడాదికీ వాడి ‘ఆస్తి పెరిగింది’ అని రాసిన వార్తలున్నాయి. ఒక్క ఆస్తి 49 లక్షల నుంచి 51 లక్షలకు పెరిగినా శ్లాబు మారుతుంది, మధ్య విలువ 30 లక్షల నుంచి ఒక్కసారిగా 1.5 కోట్లకు ఎగబాకుతుంది.

నివేదికలో రానివీ ఉన్నాయి. అద్దెకివ్వని సొంత ఇంటి విలువ చెప్పక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగుల పొదుపు ఖాతా, ప్రభుత్వ పెన్షన్ చెప్పక్కర్లేదు. జీవిత భాగస్వామి ఉద్యోగం ఎక్కడో చెప్పాలి గానీ జీతం ఎంతో అక్కర్లేదు. కానీ 2012 నుంచి కాంగ్రెస్ సభ్యులు ఇంటి తనఖా అప్పు మాత్రం చూపాలి. ఇల్లు కనిపించదు, దాని మీది అప్పు కనిపిస్తుంది. కొందరు సభ్యులు కాగితం మీద అప్పుల్లో మునిగినట్టు కనిపించడానికి ఇదొక కారణం. కాలిఫోర్నియా ప్రతినిధి డేవిడ్ వలడావో పేరు ఒకప్పుడు ‘అత్యంత పేద’ సభ్యుడిగా జాబితాకెక్కింది కుటుంబ పాడి పరిశ్రమ మీద తీసుకున్న పెద్ద అప్పుల వల్ల.

ఇక డబ్బు ఎక్కడిది? జీతంతో అయితే కాదు. కాంగ్రెస్ సభ్యుడి జీతం 2009 నుంచి ఏడాదికి 1,74,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. పదవిలో ఉండగా బయట పనిచేసి సంపాదించే దానికి కఠినమైన పరిమితి ఉంది, ప్రసంగాలకు పారితోషికం తీసుకోవడం నిషేధం. అద్దెలు, డివిడెండ్లు, షేర్ల లాభాలకు మాత్రం పరిమితి లేదు. అంటే డబ్బుతో వచ్చినవాడి డబ్బు పెరుగుతూనే ఉంటుంది.

ధనవంతులైన నేతల్లో చాలామంది రాజకీయాల్లోకి డబ్బుతోనే వచ్చారు. మార్క్ వార్నర్‌ది 1980లలో సెల్‌ఫోన్ లైసెన్సుల వ్యాపారంలో వచ్చిన సొమ్ము. డారెల్ ఐసా కారు అలారాలు అమ్మాడు. మిట్ రామ్నీది బెయిన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ. రిక్ స్కాట్ ఆసుపత్రుల గొలుసు నడిపాడు. ఇలినాయ్ గవర్నర్ ప్రిట్జ్‌కర్‌ది హయత్ హోటళ్ల కుటుంబం. పెళ్లి ద్వారా వచ్చినది ఇంకో పెద్ద భాగం. జాన్ కెర్రీ భార్య హైంజ్ ఆహార కంపెనీ కుటుంబపు ఆస్తికి వారసురాలు. జాన్ మెకెయిన్ భార్యది అరిజోనాలో బీరు పంపిణీ వ్యాపారం, పైగా ఇద్దరి ఆస్తులూ పెళ్లికి ముందు ఒప్పందం ప్రకారం విడివిడిగా ఉండేవి. కాబట్టి ‘మెకెయిన్ ఆస్తి’ అని ఆమెదంతా ఆయన పేరిట రాయడం తప్పు. 2008లో మిచ్ మెక్‌కానెల్ ఆస్తి ఒక్కసారిగా పెరిగింది భార్య ఈలేన్ చావో పుట్టింటి నుంచి వచ్చిన సొమ్ముతో. ఆమె తండ్రిది షిప్పింగ్ కంపెనీ. ఏ ఆస్తి ఎవరిదో నివేదికలోనే గుర్తు ఉంటుంది: ఎస్‌పీ అంటే జీవిత భాగస్వామిది, జేటీ అంటే ఉమ్మడిది, డీసీ అంటే ఆధారపడిన పిల్లలది. ఆ గుర్తును వదిలేసి రాస్తే వార్త సగమే.

పదవిలో ఉండగా సమకూరిన సంపద లేదని కాదు. ప్రతినిధిగా ఉన్న లిండన్ జాన్సన్ భార్య 1943లో ఆస్టిన్‌లో ఒక రేడియో స్టేషన్‌ను 17,500 డాలర్లకు కొన్నారు. ప్రసార లైసెన్సులు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ కమిషనే. ఆ స్టేషనే పెరిగి టీవీ వ్యాపారమై కుటుంబాన్ని కోటీశ్వరులను చేసింది. అప్పటికి వెల్లడి చట్టం లేదు.

ఇప్పుడు అందరి చూపూ షేర్ల మీద. 2012 స్టాక్ చట్టం ప్రకారం 1,000 డాలర్లు దాటిన ప్రతి షేరు లావాదేవీని, భాగస్వామిదైనా సరే, గరిష్ఠంగా 45 రోజుల్లో నివేదించాలి. ఆలస్యానికి జరిమానా 200 డాలర్లు. కోట్లలో వ్యాపారం చేసేవారికి అది ఏపాటి? ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ నాన్సీ పెలోసీ కుటుంబ లావాదేవీలు ఎక్కువగా భర్తవి, చాలావరకు కాల్ ఆప్షన్లు, అంటే ముందే ఖరారైన ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు. ఆప్షన్‌ను వాడుకుని షేర్లు తీసుకున్నప్పుడు కూడా ‘కొనుగోలు’ అనే పడుతుంది. వివరణ గడి చదవకపోతే పాత నిర్ణయాన్ని కొత్త కొనుగోలని రాసేస్తారు. అప్పటి సెనేటర్ రిచర్డ్ బర్ 2020 ఫిబ్రవరి 13న, కోవిడ్‌తో మార్కెట్లు కూలే ముందు, 33 లావాదేవీల్లో షేర్లు అమ్మారు. విలువ 6.28 లక్షల నుంచి 17.2 లక్షల డాలర్ల మధ్య. దర్యాప్తు జరిగింది, అభియోగాలు లేకుండానే ముగిసింది. అనుమానం పుట్టడం వేరు, రుజువు కావడం వేరు. ఆ తేడాను వార్తలో ఉంచాలి. సభ్యులు విడి షేర్లు కొనకుండా పూర్తి నిషేధం రావాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పదవి వల్ల తెలిసిన రహస్య సమాచారం వాడుకున్నారని రుజువు చేయడం దాదాపు అసాధ్యం.

అసలు పెద్ద సొమ్ము చాలామందికి పదవి దిగాకే వస్తుంది. 36 ఏళ్లు సెనేటర్‌గా ఉన్న జో బైడెన్ ఆ సభలో తక్కువ ఆస్తి ఉన్నవారిలో ఒకరు. ఉపాధ్యక్ష పదవి దిగాక 2017, 2018 రెండేళ్లలో పుస్తకాలు, ప్రసంగాల మీద భార్యాభర్తలకు 1.5 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది.

ట్రంప్ విషయంలో వేరే పొరపాటు జరుగుతుంది. ఆయన 278ఇలో గోల్ఫ్ క్లబ్బులు, రిసార్టుల పక్కన కనిపించేది వ్యాపారపు మొత్తం రాబడి, ఖర్చులు తీసేశాక మిగిలిన లాభం కాదు. దాన్ని ఆదాయమని రాసేస్తే నష్టంలో ఉన్న క్లబ్బు కూడా బంగారు గనిలా కనిపిస్తుంది. 2025లో ఇచ్చిన నివేదికలో క్రిప్టో టోకెన్ల అమ్మకాల ద్వారా 5.7 కోట్ల డాలర్లకు పైగా చూపారు. పదవిలో ఉన్న అధ్యక్షుడి కుటుంబానికి ఆ రంగంలో ప్రయోజనం ఉండటమే ఇక్కడ పెద్ద వార్త, మొత్తం ఆస్తి ఎంతన్నది తర్వాతి సంగతి.

అందుకే మా మనవి: నివేదిక ఏ సంవత్సరానిదో, కనిష్ఠ గరిష్ఠ విలువలు ఎంతో, ఆస్తి ఎవరి పేరిట ఉందో ప్రతి వార్తలో ఉండాలి. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. ఈ మార్పిడిలో ఒక్క సున్నా జారినా వార్త తలకిందులవుతుంది. దిద్దిన నివేదికలు తర్వాత వస్తుంటాయి గనుక పాతదాని మీద రాసిన వార్తకు సవరణ వేయాలి. కాంగ్రెస్ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్‌కు కోట్ల ఆస్తి ఉందంటూ సామాజిక మాధ్యమాల్లో తిరిగిన పోస్టును అచ్చువేసే ముందు ఆమె నివేదిక తెరిస్తే చాలు. అందులో కనిపించేవి చిన్న ఖాతాలు, 15,001–50,000 డాలర్ల శ్లాబులో విద్యారుణం.

ఇట్లు,
ఒక పాఠకుడు