పశువుల డాక్టరు పెట్టిన ఊరు

పెదనాన్న గారికి నమస్కారం.

మొన్న ఫోన్లో "ఆ ఎడారిలో ఊరు ఎవడు పెట్టాడ్రా" అని నవ్వారు కదా, పెట్టింది మీలాగే ఒక పశువుల డాక్టరు! పేరు అలెగ్జాండర్ జాన్ చాండ్లర్. కెనడాలో పుట్టి, 1887లో అమెరికాలోని ఈ అరిజోనాకి మొట్టమొదటి వెటర్నరీ సర్జన్‌గా వచ్చాడు. మా ఊరికి చాండ్లర్ అన్న పేరు ఆయనదే.

అయితే ఆయన ధ్యాసంతా కాలవల మీద, భూముల మీదే. 1891లో 80 ఎకరాలు కొని, 1900 నాటికి దాన్ని 18 వేల ఎకరాలు చేశాడు. తర్వాత ఇక్కడికి దూరంగా కొండల్లో 1911కి రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయింది. కానీ ఆ నీళ్లు ఒక్కో ఆసామికి 160 ఎకరాల వరకే ఇస్తామని కేంద్రం రూలు పెట్టింది. మన దగ్గరైతే బినామీ పేర్లు వెతికేవాళ్లు. ఈయన మాత్రం భూమిని ముక్కలు చేసి, 1912 మే 17న ఆఫీసు తెరిచి అమ్మకాలు మొదలుపెట్టాడు, కొనేవాళ్లు స్పెషల్ రైళ్లలో దిగారట. అంటే ఊరు పుట్టడమే రియల్ ఎస్టేట్ వెంచర్‌గా పుట్టింది, ఇప్పటికీ ఆ బుద్ధి పోలేదు. మరుసటి ఏడాది శాన్ మార్కోస్ అని పెద్ద హోటలు కట్టాడు, అది ఇప్పటికీ నడుస్తోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో టైర్లలో వేసే దారానికి పొడుగు పింజ పత్తి కావాల్సొచ్చి గుడ్‌ఇయర్ కంపెనీ ఇక్కడ వేల ఎకరాల్లో పత్తి వేయించింది. యుద్ధం అయిపోయాక ధర పడిపోయింది, ఆ కథ మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వచ్చిన మాంద్యంలో డాక్టరు గారి చేతిలోంచి హోటలు కూడా పోయింది.

ఆ పత్తి చేల వైపే ఇప్పుడు ఇంటెల్ కంపెనీ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. 1980లో ఇంటెల్ వచ్చేనాటికి జనాభా 30 వేలు, 2020 లెక్కల్లో 2 లక్షల 75 వేలు దాటింది. మన తెలుగువాళ్లు ఇంతమంది ఇక్కడ చేరడానికి కారణం కూడా చాలావరకు అదే. చిప్పులు కడగడానికి నీళ్లు విపరీతంగా కావాలి, అందుకే వాడిన నీళ్లు శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటారు, కొంత భూమిలోకి ఇంకిస్తారు. మురుగునీళ్లు కూడా శుద్ధయి పార్కుల గడ్డికి పోతాయి. నీళ్ల లెక్క దగ్గర వీళ్లు గట్టివాళ్లే, ఒప్పుకోవాలి.

ఊరి తీరు మాత్రం మీకు నచ్చకపోవచ్చు. ఇళ్లన్నీ ఒకే అచ్చు, ముందు గడ్డికి బదులు కంకర, కాక్టస్ మొక్కలు, పాలకైనా కారు తీయాల్సిందే, రోడ్డు మీద మనిషి కనపడడు. జులైలో చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. 2023లో పక్కనున్న ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. రెంటచింతల ఎండ చూశాను గానీ ఇలా నెల పొడుగునా కాయడం అక్కడ కూడా చూడలేదు. వానాకాలంలో ధూళి గోడలా లేచి వస్తుంది, ఒక్క నిమిషంలో ఎదుటి ఇల్లు కనపడదు.

అందుకని టికెట్లు ఫిబ్రవరికి చూడండి, మార్చి దాకా ఉండొచ్చు. మార్చిలో ఇక్కడ నిప్పుకోళ్ల జాతర జరుగుతుంది, అప్పట్లో ఆడవాళ్ల టోపీలకి ఈకల కోసం డాక్టరు గారు వాటిని కూడా పెంచాడులెండి. పెద్దమ్మ మోకాళ్లకి ఈ పొడిగాలి మంచిదని అందరూ అంటున్నారు, నాకు అంత నమ్మకం లేదు, అయినా తీసుకురండి. పాస్‌పోర్టు రెన్యువల్ సంగతి ఈ నెలలోనే చూడమని అన్నయ్యకి చెప్పండి.

మీ
చిన్నోడు