పంజరం తలుపు తియ్యమని మాత్రం రాయకు

పర్లాకిమిడి

చిట్టీ,

పెంపుడు పక్షుల మీద నువ్వు రాసి పంపిన రెండు వ్యాసాలూ అందాయి. నాన్నకి చిన్న అక్షరాలు ఆనడం లేదు, అందుకని నేనే పైకి చదివాను. ఆ వేళకి ఎదురింటి కోడలూ, వాళ్ళ అత్తగారూ, సూరమ్మ పిన్నీ మన అరుగు మీదే ఉన్నారు. ముగ్గురికీ ఇంట్లో పక్షులున్నాయి కాబట్టి కబుర్లు ఆపి మరీ విన్నారు. పక్షుల్ని కాపాడే మీ రెస్క్యూ సంస్థ వాళ్ళు బాగుందన్నారని రాశావు, సంతోషం. కానీ నువ్వు రాస్తున్నది వీళ్ళ కోసం. అందుకని వీళ్ళేమన్నారో చెప్తాను.

మొదటి వ్యాసం చట్టంతో మొదలెట్టావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకని పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే, మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు అని. నిజమే. అది వినగానే ఎదురింటి అత్తగారు బెంబేలెత్తిపోయి, "నాకెందుకొచ్చిన గొడవమ్మా, ఈ సాయంత్రమే వదిలేస్తాను" అని లేచింది. ఆ చిలుకని అమ్మినవాడు రెక్కలు కత్తిరించి ఇచ్చాడు. అది ఎన్నడూ పెరడు దాటి ఎగిరింది లేదు. మన వీధిలో పిల్లులెన్నో నీకు తెలుసు, కాకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను కాబట్టి సరిపోయింది. నేను లేని అరుగుల మీద నీ వ్యాసం చదివితే ఏమయ్యేది?

కాబట్టి చట్టం మాట చెప్పిన వాక్యం పక్కనే ఏం చెయ్యాలో కూడా ఉండాలి. మధ్యలో పేరా కూడా మారకూడదు. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి మొలవాలి, మొలిచాక రెక్కల్లో బలం రావాలి, సొంతంగా తిండి వెతుక్కోవడం అలవాటవ్వాలి. ఇదంతా ఇంటి దగ్గర అయ్యే పని కాదు, అందుకే అటవీ శాఖ వాళ్ళకో, పక్షుల్ని చూసుకునే మీలాంటి వాళ్ళకో అప్పగించాలి అని తేటగా రాయి. మన ఊళ్ళోనే అటవీ శాఖ డివిజన్ ఆఫీసు ఉంది కదా, ఆ మాట కూడా రాయి. "తీసుకెళ్తే నా మీదే కేసు పెడతారేటి?" అని ఆవిడ అడిగింది. అందరూ అడిగేది ఇదే. మీ పెద్దవాళ్ళు ఆ ఆఫీసులో మాట్లాడి, జవాబు వ్యాసంలోనే వెయ్యండి. ఆ భయం పోకపోతే ఎవరూ పంజరం పట్టుకుని గడప దాటరు.

కోడలు పెంచుతున్నవి బడ్జీలు, అదే, మనవాళ్ళంతా లవ్‌బర్డ్స్ అంటారే, అవి. ఆస్ట్రేలియా పక్షులు, వాటిని పెంచుకుంటే నేరం కాదు. కానీ వాటినీ గాలిలోకి వదిలెయ్యకూడదనీ, ఇక్కడ బయట బతకలేవనీ విడిగా రాయి. లేకపోతే రెండూ కలగాపులగం అయిపోతున్నాయి.

ఇక తిండి వ్యాసం. పెట్టకూడని వాటిలో అవకాడో మొట్టమొదట రాశావు. అది విషమే కావచ్చు తల్లీ, పర్లాకిమిడిలో అవకాడో కొని చిలక్కి పెట్టేదెవరు? ఇక్కడ పెట్టేది పాలన్నం, టీలో ముంచిన బిస్కెట్టు, జంతిక ముక్క. పాలు పక్షులకి అరగవనీ, టీ గుండెకి చేటనీ, ఉప్పూ నూనే వద్దనీ ముందు చెప్పు. అవకాడో చివర్లో ఎక్కడో ఉన్నా చాలు. పచ్చిమిరపకాయ సంగతి మాత్రం బాగా రాశావు. పక్షులకి కారం తెలియదంటే సూరమ్మ పిన్ని నమ్మలేదు, మళ్ళీ చదివించుకుంది.

ఒట్టి గింజలే పెడితే ఎ విటమిన్ చాలదని రాసి ఊరుకున్నావు. అయితే ఏం పెట్టాలి? మన పెరట్లో ఉన్నవే చెప్పు. మునగాకు, బొప్పాయి ముక్క, కేరట్, జామకాయ. బడ్జీలకి కొర్రలు. ఇక్కడి సంతలో కొర్రలూ చోళ్ళూ దొరుకుతాయి, రంగు ప్యాకెట్లు కొనక్కర్లేదు. "పోషకాహార సమతుల్యత" అన్నది కొట్టెయ్. వాడుక భాషలో రాయండర్రా అని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మనది, ఇక్కడికి అలాంటి మాటలు పంపిస్తావా?

పొగ గురించి రెండే వాక్యాలున్నాయి, అది పెంచు. ఇక్కడ పంజరం వంటగది గుమ్మంలో వేలాడదీస్తారు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరికి మనకేమీ కాకపోయినా పక్షి నిమిషాల్లో చచ్చిపోతుందంటే కోడలు నోరు తెరిచింది. వెంటనే వెళ్ళి పంజరం నడవలోకి మార్చింది. చూశావా, ఎవరినీ తిట్టని ఆ ఒక్క ముక్క ఎంత పని చేసిందో! దోమల చక్రం, సాంబ్రాణి కూడా చేర్చు.

ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలూ, వాటి నమోదుకి వచ్చిన 2024 నిబంధనలూ, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్లో నమోదు చేయడం, ఇవన్నీ భువనేశ్వర్, విశాఖల్లో ఖరీదైన పక్షులు కొనేవాళ్ళకి. మా కాగితంలోంచి తీసెయ్.

ఇంకో సంగతి. మనూరు ఒడిశాలో ఉంది కాబట్టి ఇక్కడ చాలా ఇళ్ళలో పిల్లలు ఒడియా బడిలో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పక్షి కావాలని మారాం చేసేదేమో వాళ్ళే. తెలుగు చదవగలిగేది అమ్మమ్మలూ నాయనమ్మలూ. అంటే నీ వ్యాసం ఒకరు పైకి చదివితే ఇంకొకరు వినేది. పళ్ళు లేని నోటికి తిరిగేలా చిన్న వాక్యాలు రాయి. కుదిరితే నువ్వే చదివి వాయిస్ మెసేజ్‌గా పంపు, పిల్లలు ఫోన్‌లో వింటారు. ఒడియాలో రాసేవాళ్ళు మీలో ఉంటే మరీ మంచిది.

"కొనకండి" అనే వ్యాసం మాత్రం ఆలస్యం చెయ్యకు. మాఘం, ఫాల్గుణాల్లో చిలుకలు చెట్టు తొర్రల్లో పిల్లల్ని పెడతాయి. ఈకలైనా రాకముందే వాటిని తీసి బుట్టల్లో అమ్మకానికి తెస్తారు. పిల్లలు కొనిపించేసుకున్నాక చెప్పి ఏం లాభం? సంక్రాంతి నాటికే అది ఇళ్ళకి చేరాలి.

జబ్బు సంగతి సరిపోయింది. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటే మర్నాటి దాకా ఆగొద్దన్న వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో వేయించు.

నాన్న బాగానే ఉన్నారు, కళ్ళజోడు వచ్చే వారం ఇస్తారట. సూరమ్మ పిన్ని చిలుక పొట్ట మీద ఈకలు తనే పీక్కుంటోంది. ఒంటరిగా, తోచక ఉన్నా అలా చేస్తాయని రాశావు కదా, పంజరంలో అద్దం పెడితే మానుతుందా, లేక ఒంట్లో ఏదైనా జబ్బేమో డాక్టరుకి చూపించాలా అని అడుగుతోంది. మీ డాక్టరుని కనుక్కుని ఫోన్ చెయ్యి, ఆవిడ రోజూ అడుగుతోంది.

మీ అమ్మ