పాత పహాణీలను ఏఐ చేతికిచ్చే ముందు

సంపాదకులకు,

స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టినంత మాత్రాన ఏఐ ఏజెంటు (మనం అడిగిన దానికి తానే వెతికి జవాబు చెప్పే ప్రోగ్రాం) పహాణీని, అంటే ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డును, చదవగలదని కాదు. దానికి రెండు టూల్స్ కావాలి. ఒకటి ఇండెక్స్‌లో (ఫైళ్లలోని మాటల పట్టికలో) వెతికి ఏ ఫైలు, ఏ పేజీ అన్నది చెప్పేది; రెండోది ఆ పేజీలో ఉన్నదంతా యథాతథంగా తెచ్చిచ్చేది. రెండోది లేకుంటే ఏజెంటు దొరికిన నాలుగు ముక్కలు చూసి మిగతాది అల్లేస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు టైపింగ్‌తోనే. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన ఫైలు తెరమీద చక్కని తెలుగే. అందులోంచి అక్షరాలు బయటికి తీస్తే మాత్రం పిచ్చిగీతలు. ఇండెక్స్ చేయకముందే యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షరాల్లోకి, మార్చాలి. కాగితాలను 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా స్కాన్ చేయాలి. మసకగా ఉంటే వత్తులు ఎగిరిపోతాయి, సర్వే నంబరు 214/అ కాస్తా 214/ఆ అవుతుంది. ఒక్క దీర్ఘంతో పట్టాదారే మారిపోయె! పట్టికలో గళ్లు కలిసిపోతే అనుభవదారు పేరు పట్టాదారు గడిలోకి వస్తుంది. కాబట్టి వరుసను మధ్యలో తెంపకుండా, ప్రతి వరుసకూ గ్రామం, సంవత్సరం, సర్వే నంబరు తగిలించాలి.

1954-55 ఖాస్రా పహాణీల చేతిరాతను మాత్రం యంత్రానికి వదలొద్దు, తెలిసిన మనిషి చదివి ఎక్కించాల్సిందే. జవాబు పక్కనే అసలు పేజీ ఫొటో చూపించని సాఫ్ట్‌వేర్‌కు ఏ కార్యాలయమూ బిల్లు పాస్ చేయకూడదు.

— కొందరు పాఠకులు, నల్గొండ