నెలకు రెండు రోజులే కదా!

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం హాజరు పట్టీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. వారాల తరబడి రాని పిల్లల సంగతి మాకు తెలుస్తూనే ఉంటుంది, మీరూ ఫోన్ చేసి చెబుతారు. నాకు దిగులు పుట్టించినవి వేరే పేర్లు. ఒక సోమవారం ఆబ్సెంట్, పది రోజులు పోయాక ఒక శుక్రవారం. ఏ నెల తిప్పినా రెండు రోజులే. కానీ పది నెలలకు అవి ఇరవై అవుతాయి. 200 పనిదినాల్లో పదో వంతు. ఈ విషయం మీద పరిశోధన చేసేవాళ్ళు సాధారణంగా ప్రమాద గీత గీసేది అక్కడే. మానింది జ్వరంతోనా, ఊరికి వెళ్ళా అన్నది ఆ లెక్కలోకి రాదు.

ఈ మధ్య ఆరో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం విన్నాను. బోర్డు మీద 2/3, 1/4 కూడమన్నారు. నా పక్కనున్న పాప 3/7 అని రాసింది, చెరిపింది, మళ్ళీ అదే రాసింది. హారాలు సమానం చేయడం చెప్పిన రోజు తను రాలేదు. స్నేహితురాలి నోట్సు చూసి అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంది. అందులో ఉమ్మడి హారం 12 ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలియదు. చేయెత్తి అడగనూ లేదు. అందరికీ వచ్చింది తనకు రాలేదని చిన్నబోయింది. రేపు నిష్పత్తులు, శాతాలు, బీజగణితం అన్నీ ఆ భిన్నాల మీదే నిలబడాలి. చిన్న తరగతుల్లో చదవడం కూడా ఇంతే, గుణింతాల దగ్గర తప్పిన అడుగు మూడో తరగతి పాఠంలో బయటపడుతుంది.

బాగా చదివే పిల్లలకు ఫర్వాలేదనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. అంతకుముందు మంచి మార్కులు తెచ్చుకుని, సెమిస్టరులో రెండు వారాలు మానేసిన పిల్లలు, తక్కువ మార్కులున్నా ఒక్క వారమే మానేసిన వాళ్ళకంటే ఎక్కువ సబ్జెక్టులు తప్పారు. ఇంటి ఇబ్బందులు, అనారోగ్యం కూడా ఇందులో కలిసి ఉంటాయి, నిజమే. అయినా తెలివి ఒక్కటే గట్టెక్కించదని నాకు అర్థమైంది.

జ్వరమొస్తే పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి, అందులో మరో మాట లేదు. నేను అడిగేది పొద్దున్నే వచ్చి, బడి వేళ దాటగానే తగ్గిపోయే కడుపునొప్పి గురించి. అది అబద్ధమని కోప్పడకండి. టెన్షన్ పడే పిల్లలకు నిజంగానే కడుపు నొస్తుంది. అర్థంకాని పాఠమో, ఏడిపిస్తున్న తోటి పిల్లలో, అందరి ముందూ పడిన తిట్టో వెనక ఉండవచ్చు. ఆ రోజుకు ఇంట్లో ఉంచితే నొప్పి పోతుంది, భయం పోదు. మర్నాడు తప్పిపోయిన పాఠం కూడా తోడై గడప దాటడం ఇంకా కష్టమవుతుంది. కారణం పూర్తిగా తెలియకపోయినా సరే, అదే రోజు క్లాస్ టీచరుకు చెప్పండి. పొరపాటు మా వైపుంటే దిద్దుకోవాల్సింది మేమే.

ఇంకో సంగతి. మా పిల్లాడు ఎన్ని రోజులు మానేశాడని అడిగితే మనలో చాలామంది అసలు కన్నా తక్కువే చెబుతాం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆ అంకె రాసి ఇంటికి ఉత్తరాలు పంపితే, తరచూ మానేసే పిల్లల సంఖ్య పదిశాతం పైగా తగ్గింది. అందుకే ఈ నెల నుంచి ప్రోగ్రెస్ కార్డు మీద, మార్కులకంటే పైన, మీ పాప లేదా బాబు ఇప్పటిదాకా రాని రోజులు ఎన్నో రాసి పంపుతున్నాం. చూసి సంతకం పెట్టండి. అంకె పదికి చేరితే నేనే మీకు ఫోన్ చేస్తాను. తప్పుపట్టడానికి కాదు, ఏ పాఠాలు పోయాయో చూసుకుని, సాయంత్రం బడి అయ్యాక కూర్చోబెట్టి చెప్పే వేళ ఏదో మాట్లాడుకోవడానికి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు