సంగీత శాఖ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంగీత శాఖ ఒకే ఒక్క ఆల్బమ్‌ను పట్టుకుని కూర్చుంది. అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో పేరుపడ్డ గాయకుడు, గిటారు వాద్యకారుడు రాబర్ట్ జాన్సన్ పాటలతో కొలంబియా రికార్డుల సంస్థ 1961లో వెలువరించిన ‘కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్’ అది. త్యాగరాజ ఆరాధన జరుపుకునే మనకు ఈ బ్లూస్ ఎందుకని కార్యవర్గంలోనే ఒకరు అడిగారు. జవాబు మనం ఉంటున్న డాలస్‌లోనే ఉంది. 1937 జూన్ 19, 20 తేదీల్లో జాన్సన్ తన చివరి 13 పాటలు పాడింది ఇక్కడి 508 పార్క్ అవెన్యూ భవనంలోనే. వేసవిలో సభ్యులను తీసుకెళ్లి బయటి నుంచే చూపించాం. ఎండకు ఎవరూ పావుగంట మించి నిలబడలేకపోయారు.

అంతకు ముందటి 16 పాటలను ఆయన 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలోని గంటర్ హోటల్‌లో మూడు రోజుల్లో పాడారు. మొత్తం 29 పాటలు, అంతే. 1938 ఆగస్టు 16న మిసిసిపీలో చనిపోయేనాటికి ఆయన వయసు 27. ఆ డిసెంబరులో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ కచేరీకి జాన్సన్‌ను పిలిపించాలనుకున్న రికార్డు నిర్మాత జాన్ హామండ్‌కు ఆ కబురు ఆలస్యంగా అందింది. వేదిక మీద గాయకుడికి బదులు ఆయన రికార్డులు వినిపించారు.

కాబట్టి ఈ ఆల్బమ్ గాయకుడి ఎంపిక కాదు. ఆయన పోయిన 23 ఏళ్ల తర్వాత కొలంబియా నిర్మాత ఫ్రాంక్ డ్రిగ్స్ 16 పాటలు ఏరి కూర్చారు. ఫొటో అందుబాటులో లేక, కుర్చీలో గిటారు మీదికి వంగిన మనిషిని పైనుంచి చూసినట్టు అట్ట మీద బొమ్మ వేయించారు. ముఖం కనిపించదు.

మార్చి సమావేశంలో ‘క్రాస్ రోడ్ బ్లూస్’ రెండు రికార్డింగులనూ వెంట వెంటనే విన్నాం. 1937లో గ్రామఫోన్ ప్లేటుగా వచ్చింది మొదటిది, వేగమైనది. రెండోది నిదానం. ప్లేటు ఒక వైపు పట్టేలా పాటను సుమారు మూడు నిమిషాల్లోపు ముగించాల్సిన రోజులవి కనుక చివరి చరణానికి చోటు చాలలేదు. ఎల్పీకి, అంటే ఈ 1961 ఆల్బమ్ రికార్డుకు, ఎక్కింది ఆ రెండోదే! చరణం తగ్గినా దాని బరువే వేరని నా అభిప్రాయం. సభలో సగం మంది ఒప్పుకోలేదు.

‘స్వీట్ హోమ్ చికాగో’, ‘లవ్ ఇన్ వేన్’ ఇందులో లేవేమని అడిగినవారికి: అవి 1970 నాటి రెండో సంపుటంలో ఉన్నాయి. 1990లో ఆ 29 పాటల 41 రికార్డింగులతో సీడీల పెట్టె వచ్చింది, పది లక్షలకు పైగా అమ్ముడైంది, గ్రామీ అందుకుంది. అట్ట మీద ఈసారి సూటు, టోపీతో జాన్సన్ ఫొటో ఉంది. అయితే ఒకే పాటను పక్కపక్కనే రెండేసిసార్లు పేర్చడంతో ఏకబిగిన వినడం కష్టం. పరిశోధనకు ఆ పెట్టె, వినడానికి పాత ఎల్పీ.

ఖర్చుల విషయానికొస్తే, రికార్డు ప్లేయరుకు కొత్త ముల్లు కొన్నాం. ఎల్పీ ఇంటికి తీసుకెళ్లిన సభ్యులు దయచేసి తిరిగి ఇవ్వగలరు. లోపలి కాగితపు తొడుగుతో సహా.

ఇట్లు,
సంగీత శాఖ కార్యదర్శి