సిలోవ్స్‌ది రష్యా కాదు

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం క్రీడల పేజీలో మంచు మీద స్కేటింగ్ గురించి వచ్చిన ముక్కలో హెరాల్డ్స్ సిలోవ్స్‌ను రష్యావాడన్నారు. సవరణ పడుతుందేమోనని బుధవారం దాకా చూశాను. పడలేదు.

హెరాల్డ్స్ సిలోవ్స్‌ది రష్యా కాదండీ, లాత్వియా. 1986లో రీగాలో పుట్టాడు. అప్పటికి అది సోవియట్ యూనియన్‌లో ఉన్న మాట నిజమే. అతనికి ఐదేళ్లు నిండిన ఏడాదే, 1991లో, విడిపోయింది. 1969లో స్కేటింగ్‌లో ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిల్ గెలిచిన లాత్వియా ఆవిడ లాస్మా కౌనిస్తెకు సోవియట్ జెర్సీ తప్పలేదు. ఇతనికేం ఖర్మ?

పోనీ అచ్చుతప్పు అని సరిపెట్టుకుందును. కానీ ‘రెండు పోటీల్లోనూ చేతులెత్తేశాడు’ అని రాశారే, అదే మింగుడుపడలేదు. 2010 ఫిబ్రవరి 13, వాంకూవర్ ఒలింపిక్స్. మధ్యాహ్నం రిచ్‌మండ్ ఓవల్‌లో లాంగ్ ట్రాక్ 5,000 మీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర చుట్లు. 20వ స్థానం. అక్కడి నుంచి పసిఫిక్ కొలీసియంకు పరుగు. సాయంత్రం షార్ట్ ట్రాక్ 1,500 మీటర్లలో 10వ స్థానం. ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండు రకాల స్కేటింగ్‌లోనూ దిగినవాడు అంతకుముందు లేడు. ఇతను ఒక్క రోజులోనే దిగాడు!

లాంగ్ ట్రాక్‌లో ఇద్దరిద్దరే, పోటీ గడియారంతో. రెండోదాంట్లో 111 మీటర్ల చుట్టులో అరడజను మంది ఒకరినొకరు రాసుకుంటూ తిరగాలి. స్కేట్లూ వేరే. లాంగ్ ట్రాక్ బూటుకు మడమ దగ్గర బ్లేడు విడివడుతుంది, షార్ట్ ట్రాక్‌లో బిగించేసి ఉంటుంది. నాలుగైదు గంటల్లో కాళ్లకు ఆ అలవాటు మార్చడాన్ని మీవాళ్లు చేతులెత్తేయడం అంటారు కాబోలు.

2008లో వెంట్‌స్పిల్స్‌లో యూరోపియన్ షార్ట్ ట్రాక్ చాంపియన్ అయిన సంగతి ఎక్కడా లేదు. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో, అదీ ఫిబ్రవరి 13నే, లాంగ్ ట్రాక్ 1,500 మీటర్లలో నాలుగోవాడిగా వచ్చాడు. కంచుకూ అతనికీ మధ్య అర సెకను కూడా లేదు. ఇరవై లక్షల జనం కూడా లేని దేశం నుంచి వచ్చి!

పూర్వం ప్రూఫులు దిద్దేవాళ్లుండేవారు, ఇప్పుడున్నారో లేదో. పోయిన నెల జిల్లా పేజీలో మా బడి కబడ్డీ జట్టు ఫొటో కింద ఖోఖో అని వేశారు. ఫోన్ చేస్తే ‘చూస్తాం సార్’ అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. క్రీడాధికారులైతే సరేసరి. పతకం తెచ్చినవాడి పక్కన ఫొటోకు తోసుకుంటారు, నాలుగో స్థానం వాడి పేరు చెబితే ‘ఎవరండీ’ అంటారు.

పెద్ద అక్షరాలేం వద్దు. ఆఖరి పేజీలో, సంస్మరణ ప్రకటనల కింద రెండు లైన్ల సవరణ వేసినా వెతుక్కుని చదువుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
తెనాలి