సైనికుడి పేరు చెప్పి లెక్క దాటేయొద్దు: కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం.

మధ్యాహ్న భోజనానికో ఎరువుల రాయితీకో నాలుగు రూపాయలు పెంచమంటే చాలు, అది పన్ను కట్టేవాడి సొమ్మని మన నాయకులకు గుర్తొస్తుంది. పార్టీ ఏదైనా అంతే. రక్షణ పద్దు దగ్గర మాత్రం అదే ప్రశ్న వేస్తే దేశభక్తిని శంకిస్తారు. మేం లెక్క అడుగుతున్నది సైన్యాన్ని కాదు, మిమ్మల్ని.

2025-26లో రక్షణ శాఖకు 6,81,210 కోట్లు అని పతాక శీర్షికలొచ్చాయి. అందులో 1,60,795 కోట్లు పింఛన్లు. అవి మాజీ సైనికుల హక్కు, దాని మీద పేచీ లేదు. ఆయుధాలు, విమానాలు, ఓడలు కొనే మూలధన పద్దు 1,80,000 కోట్లు. అంటే వందలో 26 రూపాయలు. వేదికలెక్కితే మాత్రం వందకు వందా ఫిరంగులకే పోసినట్టు చెబుతారు.

పోనీ ఆ 26 అయినా పూర్తిగా చేరుతుందా? 2024-25లో మూలధన పద్దు కింద 1,72,000 కోట్లు చూపించారు. సవరించిన అంచనాలకొచ్చేసరికి అది 1,59,500 కోట్లయింది. ఫిబ్రవరిలో పెంపు గురించి చప్పట్లు మోగాయి, మరుసటి ఫిబ్రవరిలో 12,500 కోట్ల కోత గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒప్పందం ఆలస్యమైతే కట్టాల్సిన వాయిదా మార్చి 31 దాటిపోతుంది, డబ్బు మురిగిపోతుంది. కానీ బాకీ పోదు. మరుసటి ఏడు కేటాయింపును పాత ఒప్పందాల వాయిదాలు ముందే తినేస్తాయి. 2018లో సైన్యం ఉప ప్రధానాధికారి (వైస్ చీఫ్) పార్లమెంటు స్థాయీ సంఘానికి చెప్పింది ఇదే: నడుస్తున్న 125 పథకాల వాయిదాలకే 29,033 కోట్లు కావాలి, ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. కొత్తవి కొనే మాట దేవుడెరుగు. పెంచిన మొత్తం పన్నులకు కూడా చాలదని కూడా అప్పుడే అన్నారు. ఎందుకంటే 2016లో రక్షణ దిగుమతులకు కస్టమ్స్ సుంకం మినహాయింపు ఎత్తేశారు. సైన్యానికి ఈ చేత్తో ఇచ్చింది మీ శాఖ ఆ చేత్తో తీసుకుంది. మినహాయింపు మళ్ళీ వచ్చింది 2019లో.

ఫలితం గోదాముల్లో కనబడింది. 2016 సెప్టెంబరు నాటికి 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికైనా సరిపోవని ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ 2017లో రాసింది. ఉండాల్సింది నలభై రోజులకు. అంతకుముందు 2008-13 కాలానికి కాగ్ ఇచ్చిన నివేదికలోనూ మందుగుండు కొరతే. అప్పటి ప్రభుత్వం వేరు, ఉపన్యాసాలు ఇవే.

ఇంకో తంతు ఉంది. ‘వేల కోట్ల ఆయుధాల కొనుగోలుకు ఆమోదం’ అని వార్త వస్తుంది. ఆ ఆమోదం అర్థం, ఫలానాది అవసరమేనని ఒప్పుకున్నారని, అంతే. ఆ తరవాత టెండరు, ఎడారిలోనూ మంచులోనూ పరీక్షలు, ధర బేరం, ఆర్థిక అనుమతి, సంతకం. ఏళ్ళు పడుతుంది. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా దాని గురించి ప్రకటన రాదు.

ఇంత పద్దుకీ లోక్‌సభలో ఎంత సమయం దొరికింది? 2018లోనూ 2023లోనూ అన్ని శాఖల పద్దుల్నీ గిలెటిన్ చేసి చర్చ లేకుండా ఆమోదించారు. రక్షణ పద్దూ అందులోనే కొట్టుకుపోయింది. గొడవ చేసిన ప్రతిపక్షానికీ అందులో వాటా ఉంది.

మేం కోరేవి పెద్దవేం కావు. బడ్జెట్ ప్రసంగంలో పింఛను తీసేసిన అంకె కూడా చదవండి. మూలధన పద్దులో పాత వాయిదాలెంత, కొత్త కొనుగోళ్ళకెంత అన్నది విడివిడిగా ముద్రించండి. సవరణలో కోస్తే, ఏ ఒప్పందం ఆగినందుకు కోశారో, రహస్యం కానంతవరకైనా, సభ ముందు పెట్టండి.

చివరగా ఒకటి. ఏడాది చివర మురిగిపోని ఆధునికీకరణ నిధి పెట్టాలని, 2021-26కు దాని పరిమాణం 2,38,354 కోట్లు ఉండాలని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది కూడా. బడ్జెట్ పత్రాల్లో ఆ ఖాతా ఏ పేజీలో ఉందో చెప్పండి, చూసుకుంటాం.

ఇట్లు,
బడ్జెట్ పత్రాలు చదివే కొందరు పన్ను చెల్లింపుదారులు